సంస్కృతిని ప్రదర్శించి దేశాలు పేరు తెచ్చుకోగలవా? విశాఖలో నాట్యం నేర్పుతున్న నా సమాధానం

మీరు అడిగినదాని సారాంశం ఇది: విశాఖలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష, పలు దేశాల నౌకాదళాలు కలిసి చేసే మిలన్ విన్యాసాల వంటివి జరిగినప్పుడల్లా బీచ్ రోడ్డు మీద కవాతులు, బ్యాండ్లు, నృత్య ప్రదర్శనలు ఏర్పాటు చేస్తున్నారు, వీటివల్ల విదేశీయులకు మన దేశం మీద ఉన్న అభిప్రాయం నిజంగా మారుతుందా, లేక ఇదంతా ఖర్చుతో కూడిన మర్యాద మాత్రమేనా? నేను ఈ ఊరిలో చాలా ఏళ్లుగా కూచిపూడి నేర్పుతున్నాను. విదేశీ అతిథుల ఎదుట మా విద్యార్థుల చేత ప్రదర్శనలు ఇప్పించాను కూడా. ఆ అనుభవంతో చెబుతున్నాను: అభిప్రాయం తప్పకుండా మారుతుంది, కాని చూసినంత మాత్రాన కలిగే మార్పు స్వల్పం. చూసిన మనిషికి ఆ కళలోకో, ఆ భాషలోకో అడుగుపెట్టే దారి దొరికినప్పుడే అది నిలుస్తుంది. ప్రదర్శన మీద పెట్టినంత శ్రద్ధ ఆ దారి వేయడం మీద పెట్టడం లేదన్నది నా బాధ.

ముందుగా, ప్రభుత్వాలు ఈ పని ఎందుకు చేస్తాయో చూద్దాం. 2016 ఫిబ్రవరిలో మన సముద్రంలో జరిగిన నౌకాదళ సమీక్షకు దాదాపు 50 దేశాల నౌకాదళాలు వచ్చాయి. 1995లో పోర్ట్ బ్లెయిర్‌లో నాలుగు పొరుగు దేశాలతో మొదలైన మిలన్, 2022లోనూ 2024లోనూ విశాఖలోనే జరిగింది. యుద్ధనౌకలను వరుసగా నిలబెట్టడం బలప్రదర్శన. ఆ బలాన్ని చూసి చిన్న దేశాలు బెదిరిపోకుండా, మనతో స్నేహం చేయవచ్చని అనుకోవాలంటే దాని పక్కనే ఆటపాటలు కూడా ఉండాలి. అందుకే నౌకాదళాల బ్యాండ్లు, సాంస్కృతిక బృందాలు బీచ్ రోడ్డు మీద నడుస్తాయి. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదని నా అభిప్రాయం. స్వాతంత్ర్యం వచ్చిన కొద్దికాలానికే, 1950లో, మౌలానా ఆజాద్ చొరవతో భారత సాంస్కృతిక సంబంధాల మండలి ఏర్పడిందంటే, ఈ అవసరాన్ని మన పెద్దలు ఎంత త్వరగా గుర్తించారో తెలుస్తుంది.

అయితే ప్రదర్శన తయారయ్యే తీరును దగ్గర నుంచి చూసినవారికి మరికొన్ని సంగతులు కనిపిస్తాయి. విదేశీ అతిథుల కోసం ఏర్పాటైన ఒక సాయంత్రానికి మేము సత్యభామ కథతో సాగే కూచిపూడి నృత్యనాటకం భామాకలాపంలోని ఒక ఘట్టం చేస్తామని చెప్పాం. సత్యభామ తెర మీదుగా తన జడను బయటకు వేసి సభకు సవాలు విసరడం, ఆ తర్వాత చెలికత్తె మాధవితో ఆమె సాగించే సంభాషణ, ఇవి కూచిపూడికి ప్రాణం వంటివి. నిర్వాహకులు మర్యాదగానే, కాని ఖచ్చితంగా, మాటలున్న ఘట్టం వద్దని, ఇత్తడి పళ్లెం మీద చేసే తరంగం కావాలని, అది కూడా పది నిమిషాలు దాటకూడదని చెప్పారు. మేము ఒప్పుకొన్నాం. రిహార్సల్‌కు వెళ్లేసరికి వేదిక నిండా మందమైన తివాచీ పరిచి ఉంది. తివాచీ మీద పళ్లెం కదలదు. నర్తకి రెండు పాదాలనూ పళ్లెం అంచు మీద ఆనించి, కాలివేళ్లతో దానిని బిగించి, మడమల ఊపుతో ముందుకూ వెనక్కూ జరుపుకొంటూ తాళానికి తగ్గ జతులు వేయాలంటే కింద గట్టి, నున్నని నేల ఉండాలి. దానిని తీయించడానికి చాలాసేపు నచ్చజెప్పవలసి వచ్చింది. ప్రదర్శన ముగిశాక ఒక యువ నావికుడు వేదిక దగ్గరకు వచ్చి, అనుమతి అడిగి, ఆ పళ్లాన్ని చేతిలోకి తీసుకొని కింద చక్రాలు ఉన్నాయేమోనని తిరగేసి చూశాడు. ఏమీ లేవని తెలిశాక అతని ముఖంలో కనిపించిన ఆశ్చర్యమూ గౌరవమూ నిజమైనవి. అంతటితో ఆగకుండా, ఆ పాటలో ఉన్నది ఎవరి కథ అని అడిగాడు. నేను ఆ పాట రాసిన నారాయణ తీర్థుల గురించి, బాలకృష్ణుని గురించి చెప్పడం మొదలుపెట్టాను, ఇంతలో వారి బస్సు బయలుదేరింది.

అతనికి మన దేశం పట్ల ఒక మంచి జ్ఞాపకం మిగిలి ఉంటుందని నమ్ముతాను. అదే సమయంలో, ఇలాంటి ఎంపికలు దశాబ్దాలపాటు జరుగుతూ రావడంవల్ల బయటి ప్రపంచానికి కూచిపూడి అంటే పళ్లెం మీద నృత్యమేనన్న భావన స్థిరపడింది. కూచిపూడి గ్రామంలో రాత్రంతా సాగే యక్షగానం, పురుషులే స్త్రీ పాత్రలు ధరించే సంప్రదాయం, వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను చూసినవారు ఈనాటికీ చెప్పుకొనే ఆ హొయలు, ఇవేవీ పది నిమిషాలలో ఇమడవు. ఇంకొక చిక్కు కూడా ఉంది. అతిథుల కోసం కత్తిరించిన రూపాన్నే మన పిల్లలు కూడా అసలు రూపమని అనుకోవడం మొదలుపెట్టారు. మా క్లాసుకు కొత్తగా వచ్చే పిల్లల తల్లిదండ్రులు ముందుగా అడిగేది పళ్లెం ఎప్పుడు ఎక్కిస్తారనే.

ఇప్పుడు దీనికి భిన్నమైన ఒక ఉదాహరణ చెబుతాను, అది కూడా మన ఊరికి బాగా తెలిసినదే. విశాఖ ఉక్కు కర్మాగారానికి 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. ఈనాడు ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలిచి ఉన్న కురుసుర జలాంతర్గామి కూడా అక్కడ నిర్మించినదే. కాని మా తరం వారికి ఆ దేశం దగ్గరైనది ఉక్కువల్లా, జలాంతర్గామివల్లా అని నేను అనుకోను. మాస్కోలో తెలుగులోకి అనువదించి, అక్కడే అచ్చు వేసి, విశాలాంధ్ర పుస్తక దుకాణాలలో ఎంతో తక్కువ ధరకు అమ్మిన పిల్లల కథలూ నవలలూ ఆ పని చేశాయి. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు రచయిత ఉప్పల లక్ష్మణరావు గారి వంటి సమర్థులను అక్కడికి పిలిపించుకొని అనువాదాలు చేయించాయి. మా ఇంట్లో రష్యా గురించి రాజకీయంగా ఎవరికీ మంచి అభిప్రాయం ఉండేది కాదు, అయినా ఆ పుస్తకాల కోసం మేమంతా పోటీ పడేవాళ్లం. మంచు, బిర్చి చెట్లు, టీ కాచే సమోవార్, నానమ్మ చెప్పే నక్క కథలు, అన్నీ మా వీధిలో ఉన్నంత పరిచితంగా అనిపించేవి. 1991లో ఆ రాజ్యమే లేకుండా పోయింది, కాని ఆ పుస్తకాలను తెలుగువారు ఇప్పటికీ స్కాన్ చేసి పంచుకొంటున్నారు, తిరిగి ముద్రిస్తున్నారు. ఆ రాజ్యం ఆశించిన రాజకీయ విశ్వాసం మాలో కలగలేదు. ఆ ప్రజల పట్ల ఆత్మీయత మాత్రం కలిగింది. ఒక దేశం మరొక దేశపు పిల్లల దగ్గరకు వారి భాషలోనే రావడం ఎంత పెద్ద పనో దీనిని బట్టి ఊహించవచ్చు.

ఇక ప్రదర్శించే ప్రతిష్ఠకూ, స్వదేశంలోని వాస్తవానికీ మధ్య దూరం పెరిగితే ఏమవుతుందన్నది వేరే చర్చ, కాని దానిని వదిలేస్తే మీ ప్రశ్నకు సగం జవాబే ఇచ్చినట్లవుతుంది. అమెరికాలో నల్లజాతివారి పట్ల ఉన్న వివక్షను సోవియట్ ప్రచారం ఎత్తిచూపుతున్న కాలంలో, 1956 నుంచి అమెరికా విదేశాంగ శాఖ నల్లజాతివారి సంగీతమైన జాజ్ కళాకారులను ప్రపంచ పర్యటనలకు పంపింది. డిజ్జీ గిలెస్పీ బృందం మొదట వెళ్లింది. 1957లో అమెరికాలోని లిటిల్ రాక్ నగరంలో ఒక పాఠశాలలోకి నల్లజాతి పిల్లలను రానివ్వకుండా అడ్డుకొన్నప్పుడు, ప్రసిద్ధ జాజ్ కళాకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తమ ప్రభుత్వాన్ని బహిరంగంగా తీవ్రంగా విమర్శించి, ప్రభుత్వం తరఫున సోవియట్ యూనియన్‌కు వెళ్లే ఆలోచనను విరమించుకొన్నాడు. తర్వాత కొన్నేళ్లకు అదే శాఖ తరఫున ఆఫ్రికా పర్యటనకు వెళ్లినప్పుడు జనం ఆయనకు బ్రహ్మరథం పట్టారు. తన మాట తాను చెప్పగలిగిన కళాకారుడిని జనం ప్రభుత్వ ప్రతినిధిగా కాక మనిషిగా చూస్తారని, దానివల్ల చివరికి ఆ దేశానికే మేలు జరుగుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

మన దగ్గరా అటువంటి దూరం ఉంది. 1985లో అమెరికాలో జరిగిన భారత ఉత్సవంలో, వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థ ప్రదర్శనకు ఢిల్లీ వీధులలో బతికే గారడీవారిని, బొమ్మలాట కళాకారులను సగౌరవంగా తీసుకువెళ్లారు. అదే సమయంలో ఢిల్లీలో అమలులో ఉన్న 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం, బహిరంగ స్థలంలో పాడి, ఆడి, విద్య చూపించి డబ్బు అడగడాన్ని కూడా భిక్షాటన కిందే లెక్కగట్టింది. అందులోని పలు నిబంధనలను ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది 2018లో. సంక్రాంతికి మన వీధులలోకి వచ్చే గంగిరెద్దులవారిని అపార్ట్‌మెంట్ గేటు దగ్గరే ఆపేస్తున్న మనం కూడా దీని గురించి ఆలోచించవలసి ఉంది.

మిగిలిన దేశాల సంగతి క్లుప్తంగా చెబుతాను. దక్షిణ కొరియా 1999లో సాంస్కృతిక పరిశ్రమల ప్రోత్సాహానికి ప్రత్యేక చట్టం చేసింది. పాటలు విన్నవారు భాష నేర్చుకోవాలనుకొంటే అందుకు తమ రాజు సెజోంగ్ పేరిట కేంద్రాలు సిద్ధంగా ఉంచింది. విశాఖలోనే కొరియన్ నేర్చుకొనే ఆడపిల్లలు నాకు తెలుసు. చైనా 2004 నుంచి తమ భాషనూ సంస్కృతినీ నేర్పే కన్ఫ్యూషియస్ సంస్థలను ఇతర దేశాల విశ్వవిద్యాలయాలలోనే నెలకొల్పింది, కాని విద్యా స్వేచ్ఛపై అనుమానాలు రావడంతో అమెరికాలో వాటిలో చాలావరకు మూతపడ్డాయి. మన యోగా విషయానికి వస్తే, 2014 డిసెంబరులో ఐక్యరాజ్య సమితిలో అంతర్జాతీయ యోగా దినోత్సవ తీర్మానాన్ని 177 దేశాలు కలిసి ప్రతిపాదించాయి. 2025 జూన్ 21న విశాఖ తీరం పొడవునా లక్షలమంది ఆసనాలు వేసిన దృశ్యం ప్రపంచమంతా చూసింది. నా దృష్టిలో యోగా ఇంతగా వ్యాపించడానికి కారణం ఆ దృశ్యం కన్నా, ఎవరైనా ఎక్కడైనా దానిని స్వయంగా నేర్చుకొని చేయగలగడమే.

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆఫ్రికా దేశాల నుంచి ఎంతోమంది విద్యార్థులు వస్తారు, సాంస్కృతిక సంబంధాల మండలి ఉపకార వేతనాలతో వచ్చేవారు కూడా వారిలో ఉంటారు. అలా వచ్చిన ఒక అమ్మాయి సాయంకాలాలు మా దగ్గర నాట్యం నేర్చుకొంది. మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్లు నిలిచే అరమండికి పడిన కష్టం, మోకాళ్ల నొప్పి, అడుగులు తప్పినప్పుడల్లా మా చిన్నపిల్లలు పెద్దరికంతో ఆమెను సరిదిద్దడం, ఇవన్నీ దాటుకొని చివరికి సత్యభామ వేదిక మీదకు వచ్చేటప్పటి పాటను, అంటే ప్రవేశ దరువును, అర్థం తెలుసుకొని మరీ ఆడింది. తన దేశానికి తిరిగి వెళ్లాక కూడా వీడియోలు పంపి తప్పులు చెప్పమని అడుగుతుంది; అక్కడ మన దేశం గురించి ఎవరైనా తేలికగా మాట్లాడితే తాను ఊరుకోనని కూడా చెప్పింది. ఆ మాట ఏ ప్రభుత్వమూ ఆమెచేత చెప్పించలేదు.

కాబట్టి వేడుకలు మానేయాలని నేను అనను. నౌకలు రేవులో ఉన్న రోజుల్లోనే ఒక పూట ఉత్తరాంధ్ర జానపద కళ అయిన తప్పెటగుళ్ల కళాకారులతో, అరకు గిరిజనుల థింసా నృత్య బృందాలతో నావికులు కలిసి కూర్చుని నాలుగు అడుగులు నేర్చుకొనే ఏర్పాటు చేయవచ్చు. ప్రతి ప్రదర్శనకూ ఆయా భాషలలో కథాసారాంశం అచ్చు వేసి ముందే చేతికి ఇవ్వవచ్చు. విదేశీ విద్యార్థులకు చదువుతోపాటు ఒక కళను నేర్చుకోవడానికి చిన్న వేతనం కలిపి ఇవ్వవచ్చు, నేర్పే గురువుకు కూడా. వేదిక మీద దీపాలకు, తివాచీలకు అయ్యే ఖర్చులో కొంత భాగంతోనే ఇవి సాధ్యమవుతాయి. మీకు నగర పాలక వర్గంతోనో, పర్యాటక శాఖతోనో మాట్లాడే అవకాశం ఉంటే మొదట కథాసారాంశం సంగతి ప్రస్తావించండి, ఎందుకంటే అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో వెంటనే చేయగలిగినది అదే.