వేయిపడగలు మళ్ళీ మొదలుపెట్టకు

అమ్మలూ,

మళ్ళీ విశ్వనాథ సత్యనారాయణ నవల వేయిపడగలు చేతిలోకి తీశావని మీ అమ్మ చెప్పింది. సంతోషమేగానీ, "ఈసారి శుభ్రంగా మొదటి పేజీ నుంచి" అన్నావట. అక్కడే నాకు గుబులు పట్టుకుంది.

వద్దే తల్లీ. ప్రతిసారీ నువ్వు ఆగిపోతున్నది అందుకే. సుబ్బన్నపేట ఊరి పుట్టుక, వెయ్యి పడగల పాము నీకు కంఠతా వచ్చేశాయి, ఆ తర్వాత ఒక్క ముక్క తెలీదు. తెలిసిందే మళ్ళీ చదువుతుంటే ఉన్న ఓపికంతా మొదటి వంద పేజీలకే ఖర్చయిపోతుంది. ఆపిన చోటు నుంచి ఒక్క అధ్యాయం వెనక్కి వెళ్ళి అందుకో, చాలు. పేర్లు మరిచిపోతే అట్ట లోపల పెన్సిల్‌తో వంశవృక్షం గీసుకో. కథానాయకుడు ధర్మారావు తండ్రి రామేశ్వరశాస్త్రి నాలుగు వర్ణాల స్త్రీలను పెళ్ళాడినవాడు. ధర్మారావుకి గిరిక ఏమవుతుందో అది చూసుకుంటే గాని తేలదు. అరుంధతి పేరు పక్కన కాస్త ఖాళీ ఉంచు. ఎందుకో ఇప్పుడు చెప్పను.

మొత్తం 36 అధ్యాయాలు. వారానికి రెండు చొప్పున చదివినా పద్దెనిమిది వారాల్లో అయిపోతుంది. అధ్యాయం మధ్యలో మాత్రం పుస్తకం మూయకు.

ధర్మారావు చదువు గురించో, వ్యవసాయం గురించో ఎత్తుకున్నాడంటే పేజీలకు పేజీలు సాగుతుంది. అవి దాటేసి కథ వెతుక్కుంటే నీకు దొరికేది సగం నవలే, ఊరు ఎందుకు కూలుతోందో ఆ మాటల్లోనే ఉంది. పొడుగు సమాసం కళ్ళకు అడ్డుపడితే పైకి చదువు. విశ్వనాథ నోటితో చెబుతుంటే తమ్ముడు రాసిన నవల ఇది, చెవికి పెడితే వాక్యం దానంతటదే విడిపోతుంది. నిఘంటువు ప్రతి మాటకీ తియ్యకు, అదే మాట మూడోసారి ఎదురైతే అప్పుడు చూడు. పి.వి. నరసింహారావు ఈ లావుపాటి పుస్తకాన్ని 'సహస్రఫణ్' అని హిందీలోకి దించాడు, నువ్వు ఉత్తినే చదవడానికి ఇంత హడావుడా!

ఇక నా అసలు భయం. కులం గురించి, ఆడవాళ్ళ గురించి ఇందులో చెప్పినవి నీకు ఒళ్ళు మండిస్తాయి. మండాలి కూడా. 1934 నాటి మనిషి పాత కట్టుబాట్ల తరఫున వకాల్తా పుచ్చుకుని రాశాడు. ఒప్పుకోమని ఎవరూ అడగలేదు, కోపమొచ్చిందని పుస్తకం మూలన పడెయ్యకు. కోపమొచ్చిన పేజీ నంబర్లు ఓ కాగితం మీద రాసుకుంటూ పో. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ కాగితం పట్రా, మీ పెద్దమ్మ వద్దన్నా సరే పోట్లాడుకుందాం.

మీ పెదనాన్న