‘అండ్’ తీసేస్తే ఎంతమంది?

ప్రశ్న: ‘ఐ మెట్ రమేష్, ఎ లాయర్, ఎ పోయెట్’ అని రాస్తే మా లెక్చరర్ ‘ఇంతకీ ఎంతమందిని కలిశావు?’ అని పక్కన రాసి మార్కు కోశారు. తెలుగులో కామాలు సరిపోతాయి కదా, ఇందులో తప్పేముంది?
– డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జవాబు: లెక్చరర్ అడిగింది సబబే. ఆ వాక్యంలో ముగ్గురూ కనబడతారు, లాయరూ కవీ అయిన ఒక్క రమేషూ కనబడతాడు. జాబితాలో ‘అండ్’ వదిలేయడం ఎసిండిటన్. పేరు పక్కన అదే మనిషిని తెలిపే ఇంకో నామవాచకం పెట్టడం అపోజిషన్. రెండింటికీ ఉన్న గుర్తు ఒకటే, కామా. తెలుగులో ఈ ఇబ్బంది రాదు. ‘రమేషునీ లాయరునీ కవినీ’ అంటే ముగ్గురని ఆ ‘నీ’లే చెప్పేస్తాయి.

ఒక్కడే అయితే ‘రమేష్, ఎ లాయర్ అండ్ పోయెట్’ అనండి. ‘ఎ’ ఒక్కసారే వచ్చింది కాబట్టి మనిషీ ఒక్కడే. ముగ్గురైతే పేరును చివరికి నెట్టండి: ‘ఎ లాయర్, ఎ పోయెట్ అండ్ రమేష్’. ‘రమేష్, ఎ లాయర్, అండ్ ఎ పోయెట్’ అంటే మాత్రం చిక్కు తీరదు. రమేషే లాయరు, కవి వేరే మనిషి అనుకోవచ్చు.

ప్రశ్న: మరి ‘అండ్’ ఎప్పుడు వదిలేయొచ్చు?
– అదే పాఠకురాలు

జవాబు: ఉపన్యాసపు ఊపు కావాలనుకున్నప్పుడు. 1863లో గెటిస్‌బర్గ్‌లో లింకన్ ‘ఆఫ్ ద పీపుల్, బై ద పీపుల్, ఫర్ ద పీపుల్’ అన్నాడు, మధ్యలో ‘అండ్’ లేదు. పత్రికల హెడ్డింగుల్లో చోటు కోసం వదిలేస్తారు. సెలవు చీటీలో, పరీక్ష వ్యాసంలో ఆ సరదా వద్దు. రెండు పూర్తి వాక్యాలను ఒట్టి కామాతో అతికించడం వేరే సంగతి, ‘ఇట్ రెయిన్డ్, వి స్టేడ్ హోమ్’ లాగా. దాన్ని పరీక్షల్లో తప్పుగానే లెక్కేస్తారు. కామా తర్వాత ‘సో’ పెట్టండి, లేదా కామా బదులు సెమీకోలన్.

అపోజిషన్‌లో మనవాళ్ళు ఎక్కువగా మరిచిపోయేది రెండో కామా. ‘రవి, మై నైబర్ అండ్ ఫ్రెండ్, ఈజ్ హియర్’లో ‘ఫ్రెండ్’ తర్వాతి కామా తప్పనిసరి. అక్కడ ‘అండ్’ చూసి ‘ఈజ్’ బదులు ‘ఆర్’ (are) రాసేస్తుంటారు. కర్త రవి ఒక్కడే, ‘ఈజ్’ రావాలి.