దోపిడీ అనే ముందు కాగితం తీయి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల్లో ‘దోపిడీ’ అనే మాట పదకొండుసార్లు కనిపించింది. నీ అభిమాన బాక్సర్‌ను జడ్జీలు అన్యాయంగా ఓడించారని నీ కోపం, అది అర్థమైంది కానీ, ఏ రౌండు ఎవరిదో ఒక్కచోట కూడా రాయలేదు. ఇలా వాదనకు దిగితే అవతలివాడు ఒకే ఒక్క ప్రశ్నతో నీ నోరు మూయిస్తాడు.

ఈసారి పోరు మొదలయ్యే ముందే ఒక కాగితం మీద నిలువుగా గీత గీసి, పన్నెండు వరుసలు వేసుకో. రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9, ఒకసారి కిందపడి లేచి ఓడితే మామూలుగా 8. బెల్లు మోగాక దొరికే ఆ నిమిషం విరామంలోనే అంకె వేసెయ్యి. పెన్నుతోనే వెయ్యి. పెన్సిల్ వాడిన రోజుల్లో నేను ఆరో రౌండులో పడ్డ దెబ్బకు మురిసిపోయి నాలుగో రౌండు అంకె చెరిపి దిద్దేవాణ్ణి. కాగితం మీద ఆ మరకలు చూస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

టీవీ శబ్దం పూర్తిగా తీసెయ్యి. 1987లో అమెరికా బాక్సర్లు హాగ్లర్, లెనార్డ్ తలపడినప్పుడు లెనార్డ్ రౌండు ముగియబోయే అరనిమిషంలో గబగబా గుద్దులు కురిపించేవాడు, జనం హోరెత్తిపోయేవారు. పన్నెండు రౌండ్ల అంకెలు కూడితే ఒక జడ్జి లెనార్డ్‌కు 118–110 ఇచ్చాడు, ఇంకొకరు 115–113తో హాగ్లర్‌ వైపు మొగ్గారు, మూడో జడ్జి అవే అంకెలతో లెనార్డ్‌ను గెలిపించాడు. హాగ్లర్ ఆ తర్వాత మళ్లీ పోటీకి దిగలేదు. ఆ టేపు శబ్దంతో చూసినప్పుడు నేను లెనార్డ్‌కు ఎనిమిది రౌండ్లు ఇచ్చాను, శబ్దం లేకుండా చూస్తే ఆరే వచ్చాయి. ఎవరు గెలిచారంటే ఇప్పటికీ వారానికో మాట చెబుతాను. అది దోపిడీ కాదు, ఎటైనా పోగల పోరు.

లెక్క ఎలా కడతారో కూడా తెలుసుకో. టోక్యో ఒలింపిక్స్‌లో మేరీ కోమ్ కొలంబియా బాక్సర్ వాలెన్సియా చేతిలో 3–2తో ఓడింది. తానే గెలిచానని అనుకున్నానని ఆమె తర్వాత చెప్పింది. మూడింటిలో రెండు రౌండ్లు 3–2తో ఆమెకే వచ్చాయి మరి! కానీ మొదటి రౌండు 4–1తో అవతలికి పోయింది. అక్కడ ఎన్ని రౌండ్లు గెలిచారని చూడరు, అయిదుగురు జడ్జీల్లో ఎవరి మొత్తం వారు వేసుకుంటారు. ఆ మొత్తాల్లో మూడు వాలెన్సియా వైపు నిలిచాయి.

ఆట మారితే చూపు కూడా మారాలి. గుద్దులతో పాటు తన్నులూ ఉండే థాయ్‌లాండ్ ఆట ముయే థాయ్‌లో పోరుకు ముందు గురువుకు మొక్కుతూ రింగులో చేసే నాట్యాన్ని చూసి కొత్తవాళ్లు విసుక్కుంటారు, చివరి రౌండులో వెనక్కి వెనక్కి జరిగేవాణ్ణి పిరికివాడంటారు. అక్కడి సంప్రదాయంలో తాను ముందున్నానని నమ్మినవాడే అలా దూరం జరుగుతాడు. బాక్సింగ్ కళ్లతో చూస్తే ఓడినట్టు కనిపించేవాడి చెయ్యే రిఫరీ పైకెత్తుతాడు.

నిజమైన అన్యాయాలు లేవనడం లేదు. 1988 సియోల్ ఒలింపిక్స్ బాక్సింగ్ ఫైనల్‌లో అమెరికా బాక్సర్ రాయ్ జోన్స్ 86 గుద్దులు తగిలించాడని, దక్షిణ కొరియా బాక్సర్ పార్క్ సి హున్ 32 తగిలించాడని లెక్క తేలింది. బంగారు పతకం మాత్రం 3–2తో పార్క్‌కు పోయింది. ఆ క్రీడల్లో ఉత్తమ బాక్సర్ పురస్కారం జోన్స్‌కే ఇచ్చారు, చూడు ఎంత వింతో! అయితే స్కోరు రాసింది పార్క్ కాదు. 2023లో అతను అమెరికా వెళ్లి ఆ పతకాన్ని జోన్స్ చేతిలో పెట్టాడు. నీ ఉత్తరం మూడో పేజీలో గెలిచినవాణ్ణి తిట్టిన తిట్లున్నాయి కదా, అవి కొట్టెయ్యి. కోపమంతా జడ్జీల మీద చూపించు, అదీ రౌండు నంబరుతో సహా.

ఆ పోరు మళ్లీ చూసి నీ కాగితం పంపు. నేనూ వేశాను. నాది మడిచి, అంటించి ఈ ఉత్తరంతోనే పెడుతున్నాను. నీ పన్నెండో రౌండు అంకె వేశాకే విప్పు.

మీ మావయ్య