కెమెరాది తప్పెలా అవుతుంది?

ప్రశ్న: దక్షిణాఫ్రికా వర్ణవివక్షకు ఫోటోలు కూడా పనికొచ్చాయని పోయిన సంచికలో రాశారు. ఫోటో ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది కదా. తప్పు చట్టానిదైతే కెమెరాను ఎందుకు ఆడిపోసుకోవడం?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: అమ్మా, చాలా ఏళ్లు స్టూడియో నడిపి, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు తీసి పిల్లల్ని చదివించుకున్నవాణ్ణి. కెమెరా మీద నాకెందుకు కోపం? కానీ అక్కడ చట్టమే ముఖం చూసి మనిషిని తేల్చింది. 1950 నాటి జనాభా నమోదు చట్టం ప్రకారం తెల్లవారంటే చూడగానే తెల్లవారిగా కనిపించేవారు, లేదా నలుగురూ తెల్లవారని ఒప్పుకునేవారు. అనుమానం వస్తే జుట్టులో పెన్సిల్ గుచ్చి చూసేవారు. అది జారి పడకపోతే తెల్లవారు కాదన్నమాట! ఎక్కడ ఉండాలి, ఎవరిని పెళ్లాడాలి అన్నవన్నీ ఆ ముద్రను బట్టే. 1860 నుంచి నేటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లినవారిలో మన తెలుగువారూ ఉన్నారు. వాళ్ల మనవలకూ ఈ ముద్ర తప్పలేదు.

అందరికన్నా నరకం చూసింది నల్లవారు. పదహారేళ్లు నిండినవాళ్లు పాస్ పుస్తకం వెంట పెట్టుకోవాలని 1952లో చట్టం తెచ్చారు. అందులో ఫోటో, వేలిముద్రలు, పనిలో పెట్టుకున్న యజమాని సంతకాలు. పోలీసు ఆపినప్పుడు చేతిలో లేకపోతే అరెస్టే. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో ఈ పాసులు వద్దన్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపారు. నా దగ్గర ఫోటో దిగినవాళ్లు దాంతో దుబాయ్ వెళ్లారు, అమెరికా వెళ్లారు. అక్కడ అదే సైజు ఫోటో సొంత ఊళ్లోనే మనిషిని కదలనివ్వలేదు.

ఆ ఫోటోలు గబగబా తీయడానికి పనికొచ్చింది పోలరాయిడ్ కంపెనీ కెమెరా, తీసిన నిమిషంలో ఫోటో చేతికిచ్చేది. అమెరికాలో ఆ కంపెనీలోనే పనిచేసే కెమిస్ట్ కెరొలిన్ హంటర్, ఫోటోగ్రాఫర్ కెన్ విలియమ్స్ 1970లో ఆఫీసులో దక్షిణాఫ్రికా గనుల శాఖకు తయారుచేసిన నమూనా గుర్తింపు కార్డు చూశారు. ‘పోలరాయిడ్ అరవై సెకన్లలో నల్లవారిని ఖైదు చేస్తుంది’ అని కరపత్రాలు వేశారు. హంటర్ ఉద్యోగం పోయింది. అయినా వెనక్కి తగ్గలేదు. దక్షిణాఫ్రికాలోని డీలర్ గుట్టుగా అక్కడి ప్రభుత్వానికి సరుకు అమ్ముతున్నాడని బయటపడ్డాక, 1977లో కంపెనీ ఆ దేశం నుంచి తప్పుకుంది. నా వృత్తిలో నేను చేతులెత్తి మొక్కేది వీళ్లిద్దరికి. తమ చేతిలోని పనిముట్టు ఎవరి మెడకు చుట్టుకుంటోందో అడిగారు.

మీ మాటలోనూ న్యాయం ఉంది. అదే కెమెరాతో ఎర్నెస్ట్ కోల్ అనే నల్లజాతి కుర్రాడు ఆ చట్టం బండారం బయటపెట్టాడు. కాస్త స్వేచ్ఛగా తిరగడం కోసం ఇంటిపేరు స్పెల్లింగ్ మార్చుకుని, రికార్డుల్లో ‘కలర్డ్’ (మిశ్రమ జాతివాడు) అని రాయించుకున్నాడు. తిండి సంచిలో కెమెరా దాచి గనుల్లోకి తీసుకెళ్లాడు. ఒక ఫోటోలో కూలీలు ఒంటిమీద నూలుపోగు లేకుండా, చేతులు పైకెత్తి, గోడ పక్కన వరుసగా నిలబడి ఉంటారు. ఉద్యోగానికి ముందు వైద్య పరీక్ష అది! లైటింగ్ గురించి మాట్లాడబోయి నోరు రాక ఆగిపోయాను.

1966లో దేశం వదిలాడు. మరుసటి ఏడు అమెరికాలో వచ్చిన ఆయన ఫోటోల పుస్తకం ‘హౌస్ ఆఫ్ బాండేజ్’ను దక్షిణాఫ్రికా నిషేధించింది. 2022లో మళ్లీ అచ్చయింది. ఖరీదెక్కువే, మీ ఊరి లైబ్రరీలో తెప్పించమని అడగండి.