వామపక్షం చూపు ఇంకా పనికొస్తుందా? మిర్చి యార్డు నుంచి నా జవాబు

మీరు అడిగింది ఇది: "అమెరికా సుంకాలు, చైనా, గాజా, వీసాలు, అన్నిటినీ వర్గం, పెట్టుబడి అంటూ చూసే వామపక్షం చూపుకి కాలం చెల్లిపోలేదా? గుంటూరు, విజయవాడల్లో ఉండే మామూలు మనిషికి దానితో ఏం పని?"

సిద్ధాంతం తెలిసినవాళ్ళు ఇప్పటికే చాలా రాశారు. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో పద్దెనిమిదేళ్ళుగా పద్దులు రాస్తున్నాను. మా నాన్న అదే యార్డులో బస్తాలు మోసే ముఠా కూలీ. అమ్మ కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసేది. ఇప్పుడు నేను ఫ్యాన్ కింద కుర్చీలో కూర్చుని కూలీల లెక్కలు తేలుస్తాను. నా మాటల్లో ఆ తిరకాసు కూడా ఉంటుంది, చూసుకుని చదవండి.

ఆ చూపు నాకైతే పనికొచ్చింది. ఒకచోట మాత్రం అస్సలు పనికిరాలేదు. రెండూ చెప్తాను.

ప్రపంచ బ్యాంకు అన్న పేరు నేను మొదటిసారి గట్టిగా విన్నది 2000లో, కరెంటు బిల్లు చేతిలో పట్టుకుని నాన్న తిడుతుంటే. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం చేశారు, మరుసటి ఏడు కరెంటు బోర్డుని విడగొట్టారు, ఆ తర్వాత చార్జీలు పెంచారు. వెనక ప్రపంచ బ్యాంకు అప్పు ఉంది. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు చనిపోయారు. "అమెరికాలో బ్యాంకుకీ మన ఇంట్లో బల్బుకీ ఏంది నాన్నా సంబంధం?" అని అడిగాను. "అప్పిచ్చినోడు ఊరికే ఉంటాడంట్రా? పంట నా కొట్టుకే వెయ్యాలంటాడు గదా. ఇదీ అంతే" అన్నాడు. ఆయన చదివింది ఐదో తరగతి. షరతుల అప్పు సంగతి అంతకన్నా తేలిగ్గా చెప్పిన వ్యాసం నేను ఇంతవరకు చదవలేదు. అలాంటి అప్పుల పద్దులే ఇప్పుడు నా చేత్తో రాస్తున్నాను, అది వేరే విషయం.

ఇక చైనా. 2025 మొదట్లో యార్డులో ఉన్నవాళ్ళు ఆ రోజులు మర్చిపోలేరు. ముందటేడు క్వింటా 20,000 పలికిన తేజ రకం 12,000 దగ్గరికి, కొన్ని రోజులు ఇంకా కిందకి జారింది. కోల్డ్ స్టోరేజీల్లో పాత సరుకు కదల్లేదు, ఎగుమతులు మందగించాయి. తేజని పెద్ద ఎత్తున కొనే దేశం చైనా. అక్కడ బేరం చల్లబడితే ఇక్కడ టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య పడుకున్న రైతుకి నిద్ర పట్టదు. నాన్న స్నేహితుడొకాయన ఉన్నాడు, పాత కామ్రేడు, చైనా అంటే ప్రాణం. "ఎర్రజెండా దేశం కొంటోంది కాబట్టే మనోళ్ళు బతుకుతున్నారు" అనేవాడు. ఆ ఫిబ్రవరిలో మా కొట్టుకి టీకి వచ్చి, ఆ రోజు రేటు అడిగి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా నోరు విప్పలేదు. లేచేటప్పుడు మాత్రం "కొనేవాడు కొనేవాడే లేరా" అన్నాడు.

అదే నెలలో కేంద్రం, రేటు పడిపోయినప్పుడు ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 రూపాయల ధర ప్రకటించింది. పేపర్లన్నీ "రైతు", "రైతు" అని రాశాయి. నా పద్దులో ఆ ఒక్క మాట కింద ఇద్దరు ముగ్గురు మనుషులు ఉంటారు. పల్నాడు నుంచి సరుకు తెచ్చే ఒకాయనది సొంత పొలం. ఆయన వెనకే వచ్చే ఇంకొకాయనది కౌలు. కౌలు ముందే మాట్లాడుకున్నది, రేటు పడితే అది తగ్గదు. ఎరువుల కొట్టు బాకీ తగ్గదు. కోత కూలీ అప్పటికే ఇచ్చేశాడు. సాయం వస్తే పాసుపుస్తకం ఎవరి పేరున ఉందో ఆయన గడపకి పోతుంది. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు గాని, దాని కింద కౌలు రైతుకి ఇచ్చే కార్డు రావాలంటే పొలం యజమాని సంతకం కావాలని పెట్టారు. సంతకం పెడితే పొలం పోతుందేమోనని ఆయన భయం. ఇక వీళ్ళిద్దరి మిర్చి కోసిన ఆడవాళ్ళు ఏ పద్దులోనూ ఉండరు. వర్గం అన్న మాటకి నాకు తెలిసిన అర్థం ఇంతే: నష్టం ఒకటే అయినా అది ఎవరి నెత్తిన ఎంత పడుతుందో విడదీసి చూడటం.

అమెరికా సుంకాల మీద కూడా అలాగే చూశాను. 2025 ఆగస్టులో మన సరుకుల మీద 50 శాతం దాకా వేశారు. టీవీలో అంతా దేశం, ఆత్మగౌరవం. అదే నెల 19 నుంచి మన ప్రభుత్వం పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకం ఎత్తేసింది, తర్వాత దాన్ని డిసెంబరు 31 దాకా పొడిగించింది. బట్టల మిల్లులకి ఊరట. గుంటూరు చుట్టూ పత్తి వేసినవాడు మాత్రం కోత మొదలయ్యే వేళకి బయటి పత్తితో పోటీ పడాల్సి వచ్చింది. దెబ్బ వేసింది వాషింగ్టన్, మందు మిల్లుకి, నొప్పి రైతుకి.

వీసాల సంగతి చెప్పకపోతే మా కొట్టు సంగతి చెప్పనట్టే. మా ఓనరు గారబ్బాయి డాలస్‌లో సాఫ్ట్‌వేర్. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బి (అమెరికా ఉద్యోగ వీసా) దరఖాస్తుకి లక్ష డాలర్లు అన్నప్పుడు రెండు రోజులు ఆయన కాటాల దగ్గరికే రాలేదు. మూడో రోజు నన్ను పిలిచి, "ఉద్యోగం పీకితే అరవై రోజుల్లో ఇంకోటి చూసుకోవాలంటయ్యా, లేకపోతే వచ్చెయ్యాలంట. పిల్లల చదువులు, ఇంటి అప్పు, ఏమైపోవాలి? ఇదేం న్యాయం?" అన్నాడు. మంచి మనిషి, అబద్ధం చెప్పను. కానీ ఆయన కొట్టు ముందు ముఠావాళ్ళు రేటు పెంచమని రెండు పూటలు పని ఆపినప్పుడు "ఇష్టం లేకపోతే పొమ్మను, వేరేవాళ్ళు దొరుకుతారు" అన్నది కూడా ఆయనే. నేను ఏమీ అనలేదు. నెల జీతగాణ్ణి, ఏమంటాను! నాన్న కాలంలో పాలేరు ఆసామి దగ్గర అప్పు తీరేదాకా కదలకూడదు. వీసా మీద బతికే కుర్రాడు కూడా కంపెనీ వదిలితే కాళ్ళకింద నేల పోతుంది. జీతంలో నేలకీ నింగికీ ఉన్నంత తేడా, కట్టిన తాడు మాత్రం ఒకే రకం.

గాజా గురించి నేను లాభనష్టాలు మాట్లాడదల్చుకోలేదు, పిల్లలు చచ్చిపోతున్నచోట అవి మాట్లాడటం సిగ్గుచేటు. ఒక్క ముక్క చెప్తాను. 2023 అక్టోబరు తర్వాత ఇజ్రాయెల్ తమ దేశంలో పనిచేసే పాలస్తీనా కూలీల్లో చాలామందిని రానివ్వటం ఆపేసింది. ఆ ఖాళీల్లోకి 2024లో మన దేశం నుంచి తాపీ పనివాళ్ళని, సెంట్రింగు పనివాళ్ళని తీసుకెళ్ళారు. హర్యానా, ఉత్తరప్రదేశ్‌తో పాటు తెలంగాణలో కూడా ఎంపికలు జరిగాయి. వెళ్ళినవాళ్ళని తప్పుపట్టను, ఇక్కడ ఆ కూలి దొరికితే యుద్ధంలోకి ఎవడు పోతాడు? ఒక ముఠాని బయటికి నెట్టి ఇంకో ముఠాని దింపటం మాత్రం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే.

2025 నవంబరులో న్యూయార్క్ మేయరుగా జోహ్రాన్ మమ్దానీ గెలిచినప్పుడు కొట్టులో పెద్ద గోల. "అమెరికాలోనే కమ్యూనిస్టు వచ్చాడయ్యా!" ఆయన తనని తాను ప్రజాస్వామ్య సోషలిస్టునని చెప్పుకుంటాడు. హామీలు చూస్తే ఉచిత బస్సు, అద్దెలు పెంచకుండా ఆపటం, నగరం నడిపే కిరాణా దుకాణాలు. మన ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళు బస్సులో ఉచితంగానే తిరుగుతున్నారు. రెండు రూపాయల కిలో బియ్యం 1983 నాటిది. రేషను డిపో ముందు నిలబడినందుకు మా అమ్మని ఎవరూ కమ్యూనిస్టు అనలేదు.

అయితే మన దగ్గర అన్నీ "ఇచ్చాం" అని ఫొటో పక్కన వస్తాయి. అడిగితే కథ మారుతుంది. మా చెల్లెలు అంగన్‌వాడీ కార్యకర్త. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. క్రిస్మస్, సంక్రాంతి రెండూ శిబిరంలోనే. అప్పుడు కార్యకర్తకి 11,500, ఆయాకి 7,000. ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ వాళ్ళకీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022లోనే చెప్పింది. జీతం పెంచమంటే అది జీతం కాదు, గౌరవ వేతనం అన్నారు. సమ్మె చేస్తే మాత్రం అత్యవసర సేవలంటూ, సమ్మెని నిషేధించే ఎస్మా చట్టం పెట్టారు. "అన్నయ్యా, డబ్బులప్పుడు మేం ఉద్యోగులం కాదంట, శిక్షప్పుడు ఉద్యోగులమంట" అని ఫోనులో నవ్వింది. ఆ 42 రోజులూ శిబిరాల్లో పక్కన కూర్చున్నది ఎర్రజెండా సంఘాలే, అది ఒప్పుకోవాలి.

ఇప్పుడు పనికిరాని చోటు.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. మా అమ్మ పుట్టిల్లు తెనాలి పక్కనే. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అమ్మమ్మ తలుపులు బిగించి దీపం తీసేసి, మమ్మల్ని మాట్లాడొద్దన్నది గుర్తుంది. అంతకు ఆరేళ్ళ ముందు కారంచేడులోనూ అంతే. ఆ రెండు ఊళ్ళ తర్వాత మా పేటలో జనం చెవులు రిక్కించి విన్నది దళిత ఉద్యమ నాయకులు కత్తి పద్మారావు, బొజ్జా తారకం మాటలు. ముఠా సంఘం నాయకుడు వచ్చి "కూలి పోరాటం గెలిస్తే కులం దానంతటదే పోతుంది" అన్నాడట. "కూలోళ్ళంతా ఒకటే అయితే మా అత్తగారి ఊళ్ళో టీకొట్లో నా గ్లాసు ఎందుకు వేరుగా ఉంది కామ్రేడ్?" అని నాన్న అడిగాడు. ఆయన తల గోక్కున్నాడు. తర్వాత కుల వివక్ష వ్యతిరేక పోరాట సంఘం లాంటివి వచ్చాయి, రెండు గ్లాసుల మీద ఊరూరా తిరిగారు, కాదనను. కానీ నాన్న ఆ రోజు నుంచి సంఘానికి చందా కట్టాడు గాని మీటింగుకి పోలేదు. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ వార్త వచ్చిన రోజు నాన్న అన్నం తినలేదు. అమెరికాలో నల్లవాళ్ళ గురించి "ఇది వర్గమా, జాతా" అని పెద్దవాళ్ళు తెగ వాదించుకుంటుంటే నాకు ఆ గ్లాసే గుర్తొస్తుంది.

ఇక సంస్కృతి సంగతి. మా జిల్లా పొన్నెకల్లు షేక్ నాజర్ బుర్రకథ చెప్తుంటే ఊళ్ళకి ఊళ్ళు కదిలేవని నాన్న వాళ్ళ నాన్న చెప్పేవాడు. 1940ల్లో కమ్యూనిస్టుల కళాసంఘం ప్రజానాట్యమండలి అలాంటి కథలతో ఊళ్ళు తిరిగింది, రాజకీయం తంబురా మీద వచ్చేది. ఇప్పుడు మధ్యాహ్నం ముఠావాళ్ళు టిక్కీల నీడన ఫోన్లు చూస్తారు. హీరోల కులం, దేవుడు, పక్క మతం మీద వెటకారం, అన్నీ వాళ్ళ యాసలోనే, నిమిషంలో అయిపోయేట్టు వస్తాయి. అదే ఫోనులోకి సంఘం గ్రూపు నుంచి మూడు పేజీల ప్రకటన వస్తుంది, మొదటి లైన్లోనే "నయా ఉదారవాద సామ్రాజ్యవాద". ఎవడు చదువుతాడు? నేను చదువుతాను, విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్ల ముందు నిలబడి పాడైపోయినవాణ్ణి కాబట్టి. మా ముఠా మేస్త్రి చదవడు. కానీ ఆయన్ని "చైనా ఎందుకు కొనట్లేదు" అని అడిగి చూడండి, గంట మాట్లాడతాడు.

ఏ పార్టీలో చేరమంటారు అని కూడా అడుగుతారేమో. నేను ఎందులోనూ లేను, చెల్లెలి సంఘానికి చందా ఇస్తాను. చదవటం కన్నా చూడాలనుంటే ఫిబ్రవరి, మార్చిలో ఒక పొద్దున యార్డుకి రండి, చిలకలూరిపేట రోడ్డు. ఏడింటికల్లా వస్తే బేరాలు మొదలవకముందే ఇద్దరు ముగ్గురు రైతులతో మాట్లాడొచ్చు. ముక్కుకి గుడ్డ కట్టుకోండి, తెల్ల చొక్కా వేసుకోకండి. మొదటి గంట దగ్గుతూనే ఉంటారు.