ఎడమవైపు రేడియేషన్ అయిన అమ్మకి గుండె పరీక్షలు అవసరమా?

మీ అమ్మగారికి ఎడమ రొమ్ముకి రేడియేషన్ అయి ఏడేళ్లయింది, బాగానే తిరుగుతున్నారు, ఇప్పుడు గుండె పరీక్షలు ఎందుకని అడిగారు. చేయించండి. మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను.

మా అమ్మకి 2003లో రొమ్ము క్యాన్సర్‌కి ఎడమవైపు ఆపరేషన్ చేసి, కీమో ఇచ్చి, 25 సిట్టింగులు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టారు. ఐదేళ్లు చెకప్‌లకు తిరిగాక ఇక భయం లేదన్నారు. ఆ ఫైలు అటకెక్కింది. 2018లో అమ్మ మెట్లెక్కుతూ మధ్యలో ఆగడం మొదలుపెట్టింది. ఛాతీలో నొప్పి లేదు. ఆయాసం, దవడ లాగినట్టు ఉండడం, అంతే. షుగర్ లేదు, బీపీ లేదు కదా అని మూడు నెలలు గ్యాస్ మాత్రలు వేశాం. ఆ మూడు నెలలు తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. చివరికి ఒక కార్డియాలజిస్టు, "ఛాతీకి ఎప్పుడైనా రేడియేషన్ ఇచ్చారా?" అని అడిగారు. అప్పటిదాకా ఏ డాక్టరూ ఆ మాట అడగలేదు, మేమూ చెప్పలేదు. యాంజియోగ్రామ్‌లో ఎల్ఏడీ అనే రక్తనాళంలో పెద్ద బ్లాక్ కనిపించింది. స్టెంట్ వేశారు.

ఆ నాళం గుండె ముందువైపు ఉంటుంది కాబట్టి ఎడమ రొమ్ముకి ఇచ్చే కిరణాలు దానికి తగిలే అవకాశం ఎక్కువ. నాళం లోపలి పొర దెబ్బతిని, ఏళ్ల తరబడి మెల్లగా పూడుకుంటూ వస్తుంది. కవాటాలు గట్టిపడటం, గుండె చుట్టూ ఉండే పొర బిగుసుకోవడం కూడా జరగొచ్చు. స్వీడన్, డెన్మార్క్ మహిళలపై 2013లో వచ్చిన అధ్యయనంలో గుండెకి సగటున పడిన ఒక్కో గ్రేకి (రేడియేషన్ డోసు కొలమానం) గుండెపోటు లాంటి ముప్పు 7.4 శాతం చొప్పున పెరిగిందని తేలింది. ఆ ముప్పు ఐదేళ్లలోపే మొదలై కనీసం ఇరవై ఏళ్ల పాటు ఉంటుందట. అది చూసి టెన్షన్ పడకండి. ఆ మనిషికి మామూలుగా ఉండే ముప్పు మీద పెరిగే శాతం అది. పైగా ఇప్పుడు ఊపిరి బిగబట్టించి గుండెని పక్కకి తప్పించే పద్ధతులు వచ్చాయి.

ముందు రేడియేషన్ సమ్మరీ తెచ్చుకుని, గుండెకి పడిన సగటు డోసు ఎంతో అడగండి. కీమోలో అడ్రియామైసిన్, అదే ఎర్ర మందు, ఉందేమో చూడండి. అదీ గుండెని దెబ్బతీయగలదు. ఇంకో మాట, ఎకోలో (గుండె స్కానింగ్) పంపింగ్, కవాటాలు తెలుస్తాయి కానీ నాళాల్లో బ్లాకులు నేరుగా కనిపించవు. ఎకో బాగుందని ఆయాసాన్ని వదిలేయకండి. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మాత్రం క్రమం తప్పకుండా చూపించండి.

రేడియేషన్ వద్దని నేనెవరికీ చెప్పను. ఆ చికిత్స వల్లే అమ్మ నా పిల్లల్ని ఎత్తుకుంది. ఇప్పుడు ఆమె ఫైలు మీద "2003, ఎడమ ఛాతీకి రేడియేషన్" అని ఎర్ర ఇంకుతో రాసి పెట్టాను. పంటి డాక్టరు దగ్గరికి వెళ్లినా అది చేతిలో ఉంటుంది.