వంటింటి ప్రశ్నలు – జవాబులు: గ్రీక్ సీజనింగ్ కొనాలా, మనమే కలుపుకోవాలా?

ఈమధ్య మాకొచ్చిన ప్రశ్నల్లో గ్రీక్ హెర్బ్ మిక్స్, అంటే ఒరెగానో లాంటి ఎండిన ఆకులు కలిపి గ్రీక్ సీజనింగ్ పేరుతో అమ్మే మసాలా గురించి అడిగినవే ఎక్కువున్నాయి. సూపర్‌మార్కెట్‌కి వెళ్తే ఇప్పుడు అందరికీ కనిపిస్తోంది కదా, అందుకని ఈసారి ఆ ప్రశ్నలన్నీ ఒకేచోట పెట్టేశాం.

ప్రశ్న: మా అబ్బాయి ఆన్‌లైన్‌లో గ్రీక్ సీజనింగ్ తెప్పించాడండి. మామూలు మసాలాలాగే నూనె కాగాక వేసి చికెన్ వేయించా, కూరంతా చేదొచ్చింది. డబ్బా పాతదా, లేక వాడే పద్ధతే వేరా?
— ఓ గృహిణి, విజయవాడ

జవాబు: డబ్బా బాగానే ఉండుంటుందండి, పద్ధతే వేరు. ఈ మిక్సుల్లో ఇంచుమించు అన్నిట్లోనూ వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి ఉంటాయి, అవి మరీ మెత్తగా ఉంటాయి కాబట్టి కాగిన నూనెలో పడగానే మాడిపోతాయి, ఆ మాడు చేదే మీ కూరకి పట్టింది. ఎండిన ఆకు కూడా అంతే, పోపులో నిలవదు.

అసలు గ్రీస్‌లో ఇళ్ళల్లో గ్రీక్ మసాలా అని ఒక డబ్బా పెట్టుకునే అలవాటు లేదు. అక్కడ ప్రతి వంటింట్లో ఉండేది ఎండిన ఒరెగానో, రిగాని అంటారు వాళ్ళు. దానికి తోడు ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి, నిమ్మకాయ, ఆలివ్ ఆయిల్. కాల్చిన మాంసమైనా చేపైనా సలాడైనా చాలావరకు వీటితోనే అయిపోతుంది. ఇవన్నీ కలిపి పొడి చేసి అమ్మడం బయటి దేశాల్లో సౌకర్యం కోసం వచ్చింది, అమెరికాలో బాగా పాపులర్ అయిన కావెండర్స్ అనే డబ్బా కూడా ఆర్కాన్సా రాష్ట్రంలో హారిసన్ అనే ఊరిదే. అందుకని డబ్బాలో పొడి ఉన్నంత మాత్రాన రుచి పూర్తవదు, నిమ్మరసం, నూనె మీరే కలపాలి, అవి లేకుండా వేస్తే ఎండుగడ్డి చల్లినట్టే ఉంటుంది.

ఇలా చేసి చూడండి. గిన్నెలో 3 చెంచాల ఆలివ్ ఆయిల్, ఒక నిమ్మకాయ రసం, కాస్త ఉప్పు వేసి ఫోర్కుతో గట్టిగా గిలక్కొడితే ఒక నిమిషంలో అది తెల్లగా చిక్కబడుతుంది. అప్పుడు ఒక చెంచా మిక్స్ అరచేతిలో పోసుకుని రెండో చేత్తో బాగా నలిపి అందులో రాల్చండి. ఈ నలపడం మాత్రం మానకండి, ఒరెగానో వాసనంతా ఆకు మీదుండే సన్నసన్నటి నూనె తిత్తుల్లో ఉంటుంది, నలిపితేనే అవి పగులుతాయి, ఆ నూనెలో ముఖ్యమైన కార్వక్రాల్ నీళ్ళలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది, అందుకే ఆలివ్ ఆయిల్‌తో కలిపితే అంత గుబాళింపు. గ్రీకులు దీన్ని లాదోలెమొనో అంటారు, కాల్చిన చేప మీద, ఉడికించిన ఆలుగడ్డ మీద, చికెన్ మీద పోసుకుంటారు.

చికెన్‌కైతే అరకిలోకి రెండు టీస్పూన్ల మిక్స్, నిమ్మరసం, నూనె పట్టించి ఫ్రిజ్‌లో గంటా రెండు గంటలు చాలు. రాత్రంతా నిమ్మరసంలో ఉంచితే ముక్క పైన సున్నంలా పొడిపొడిగా అయిపోతుంది, రాత్రే పట్టించి పెట్టుకోవాలంటే నిమ్మకాయ బదులు పెరుగు వేయండి. మీడియం మంట మీద కాల్చండి, దించాక ఇంకో అర చెంచా పైన నలిపి, నిమ్మచెక్క పిండండి. కాలేటప్పుడు వేసింది లోపలికి రుచినిస్తుంది, దించాక వేసింది వాసనిస్తుంది, రెండూ కావాలి.

ప్రశ్న: షాపులో నాలుగైదు కంపెనీలవి ఉన్నాయి, ఒకదాని రేటుకి ఇంకోదాని రేటుకి పోలికే లేదు. ఏది చూసి కొనాలి సార్? పిజ్జాతో ఇచ్చే ఒరెగానో ప్యాకెట్లు ఇంట్లో బోలెడున్నాయి, అవి సరిపోవా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: రేటు కంటే ముందు డబ్బా వెనక్కి తిప్పండి. మన దేశంలో ప్యాకెట్ మీద పదార్థాలు బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాయాలన్నది రూల్. అంటే మొదట ఏ పేరుంటే డబ్బాలో అదే ఎక్కువుందన్నమాట. మొదటి పేరు ఉప్పైతే మీరు ఉప్పుకి హెర్బుల రేటు కడుతున్నారు. మాల్టోడెక్స్‌ట్రిన్, కార్న్‌స్టార్చ్, చక్కెర మొదటి మూడు నాలుగు పేర్లలో ఉంటే అదీ వద్దు, అవి బరువు కోసం, పొడి జారడం కోసం వేసేవి. 551 అని నంబరుంటే గడ్డకట్టకుండా వేసే సిలికా, 621 అంటే రుచి పెంచడానికి వేసే ఎంఎస్‌జీ, కొంచెం ఉంటే కంగారు పడాల్సిందేం లేదు గానీ మంచి ఒరెగానో వేసినవాళ్ళకి దాని అవసరమే రాదని నా నమ్మకం.

ఒరెగానో మొదట ఉండాలి. తర్వాత థైమ్, మార్జోరం, పుదీనా, సోయకూర, పార్స్‌లీ, వెల్లుల్లి, ఉల్లి, నిమ్మతొక్క, మిరియాలు, వీటిలో ఏవున్నా పర్వాలేదు. చిటికెడు దాల్చినచెక్క, జాజికాయ కనబడితే ఇదేంటి అనుకోకండి, గ్రీకులు మాంసం వంటల్లో దాల్చినచెక్క బాగా వాడతారు, స్తిఫాదో అని ఉల్లిపాయలతో చేసే మాంసం కూరలో, పాస్తీచ్యో అని పాస్తాతో పొరలు పొరలుగా చేసేదాంట్లో అది ఉండాల్సిందే. బేసిల్, రోజ్‌మేరీ ముందుంటే అది ఇటాలియన్ మిక్స్ దారి. నువ్వులు, సుమాక్ అనే పుల్లటి పొడి ఉంటే జాతర్ అని అరబ్ దేశాలది. అవీ బాగుంటాయి, కానీ మీకు కావాల్సిన రుచి అది కాదు.

ఇంకోటి, "ఒరెగానో" అని రాసినంత మాత్రాన అన్నీ ఒకటి కావు. మెక్సికన్ ఒరెగానో అనేది అసలు వేరే కుటుంబం మొక్క, దాని రుచి కూడా వేరు. పైగా కల్తీ కూడా ఉంది. 2015లో బ్రిటన్‌లో విచ్ అనే వినియోగదారుల సంస్థ 78 శాంపిళ్ళు టెస్ట్ చేయిస్తే నాలుగోవంతు వాటిలో ఆలివ్ ఆకులు, మర్టిల్ అనే పొద ఆకులు లాంటివి కలిసున్నాయి. అందుకని మెత్తటి పొడి కొనకండి, పొడిలో ఏం కలిపినా కంటికి ఆనదు. ఆకు తునకలు కనబడే రకం తీసుకోండి, బూడిదాకుపచ్చ రంగు, మధ్యమధ్య చిన్న పూమొగ్గలు ఉంటే ఇంకా మంచిది. ఇంటికెళ్ళి చిటికెడు నలిపి నాలుక మీద వేసుకుంటే చురుక్కుమనాలి, కాస్త తిమ్మిరెక్కినట్టుండాలి. ఎండుటాకు వాసన తప్ప ఏమీ రాకపోతే రెండోసారి ఆ కంపెనీ వద్దు.

పిజ్జా ప్యాకెట్లంటారా, చాలావాటి మీద సన్నక్షరాల్లో "సీజనింగ్" అని ఉంటుంది చూడండి. అందులో ఒరెగానోతో పాటు ఉప్పు, వెల్లుల్లి పొడి, ఎండుమిర్చి, మాల్టోడెక్స్‌ట్రిన్ కలిపేసి ఉంటాయి. పిజ్జా మీదకి బాగుంటుంది, బ్రెడ్ టోస్ట్ మీద వేసుకోండి, దీనికి మాత్రం వద్దు.

ప్రశ్న: మేముండేది మెల్‌బోర్న్‌లో. ఓక్లీలో గ్రీక్ షాపుల్లో ఒరెగానో కొమ్మలకి కొమ్మలే కట్టలు కట్టి ప్లాస్టిక్ కవర్లో అమ్ముతున్నారు. అది కొంటే ఎలా వాడాలి, డబ్బా కంటే మంచిదా?
— ఓ పాఠకురాలు, మెల్‌బోర్న్

జవాబు: కళ్ళు మూసుకుని కొనండమ్మా! గ్రీస్ బయట గ్రీకులు ఎక్కువగా ఉండే ఊళ్ళలో మెల్‌బోర్న్ ఒకటి, అక్కడుండి డబ్బా కొనడమెందుకు. కట్టలో కాడ, ఆకు, పూమొగ్గ అన్నీ కనబడతాయి కాబట్టి కల్తీకి చోటు తక్కువ, నలగలేదు కాబట్టి వాసన కూడా ఎక్కువకాలం నిలుస్తుంది. ఎండాకాలంలో పూలు పూసే వేళకి కోసి, కట్టలు కట్టి, నీడలో తలకిందులుగా వేలాడదీసి ఆరబెడతారు దాన్ని. వాడేటప్పుడు పెద్ద పళ్ళెంలో పాత న్యూస్‌పేపర్ కాకుండా శుభ్రమైన బట్ట పరిచి, కొమ్మని రెండు చేతుల మధ్య పెట్టి కవ్వం తిప్పినట్టు తిప్పితే ఆకంతా రాలిపోతుంది, పుల్లలు ఏరేయండి. ఒకేసారి కట్టంతా రాల్చకుండా నెలకి సరిపడా రాల్చుకోండి. ఆ పుల్లలు పారేయకుండా బార్బెక్యూ బొగ్గుల మీద వేసి చూడండి, పొగ కూడా ఘుమఘుమలాడుతుంది.

తాజా ఒరెగానో దొరుకుతోంది కదా అదే వాడొచ్చుగా అని చాలామంది అంటారు. కొత్తిమీర, కరివేపాకు తాజాగానే బాగుంటాయని మనకి అలవాటు, ఒరెగానో మాత్రం ఎండాకే రుచి చిక్కబడుతుంది, గ్రీకులు కూడా ఎక్కువ ఎండిందే వాడతారు.

ప్రశ్న: నాకు బీపీ ఉంది, డాక్టర్ ఉప్పు తగ్గించమన్నారు. ఇది హెర్బ్సే కాబట్టి ఎంతైనా వేసుకోవచ్చా?
— రిటైర్డ్ టీచర్, డల్లాస్‌లో పిల్లల దగ్గర

జవాబు: ఉప్పు కలిపింది అయితే వేసుకోకూడదండి, అక్కడే చాలామంది పొరబడతారు. పెద్దవాళ్ళకి రోజుకి ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, అంటే టీస్పూన్ కంటే తక్కువే. డబ్బా మీద సోడియం అని ఉంటుంది, దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క వస్తుంది, 400 మిల్లీగ్రాముల సోడియం అంటే ఒక గ్రాము ఉప్పు. అమెరికాలో లెక్క పావు టీస్పూన్‌కే ఇస్తారు, మనం వేసేది అంతకి చాలా ఎక్కువ ఉంటుంది, అది గుర్తుపెట్టుకోండి. ఉప్పు లేని రకాలు మీకక్కడ ఈజీగా దొరుకుతాయి, అది తెచ్చుకుని నిమ్మకాయ ఎక్కువ పిండుకోండి, పులుపుంటే ఉప్పు తక్కువైనా నాలుకకి లోటు తెలియదు. ఉప్పు లేని రకాల్లో కొన్నిట్లో ఉప్పు బదులు పొటాషియం క్లోరైడ్ వేస్తారు, కిడ్నీ సమస్య ఉన్నా, బీపీకి కొన్ని రకాల మందులు వాడుతున్నా అది పడదు, డబ్బా తీసుకెళ్ళి మీ డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: మేము పూర్తి శాకాహారులం. గ్రీక్ వంటంటే మాంసమేనా? ఈ మిక్స్ మాకేమైనా పనికొస్తుందా?
— రాజమండ్రి నుంచి

జవాబు: బోలెడంత పనికొస్తుంది. గ్రీక్ ఆర్థడాక్స్ క్రైస్తవులకి ఏడాదిలో ఉపవాస రోజులు చాలా ఎక్కువ, ఈస్టర్ ముందు లెంట్‌లోనైతే మాంసం, గుడ్లు, పాలు, చీజ్ ఏవీ ముట్టుకోరు. అందుకే కూరగాయలు ఆలివ్ ఆయిల్‌లో నెమ్మదిగా మగ్గించే వంటలు వాళ్ళకి చాలా ఉన్నాయి, లాదెరా అంటారు. మన బెండకాయ కూడా వాళ్ళకి ఇష్టమే! బెండకాయలు కోయకుండా తొడిమ మాత్రం జాగ్రత్తగా చెక్కి, వెనిగర్, ఉప్పు చల్లి కాసేపు ఉంచుతారు, దాంతో జిగురు తగ్గుతుంది. తర్వాత ఉల్లిపాయ, టమాటాతో సన్నమంట మీద మూత పెట్టి గరిటె పెట్టకుండా గిన్నె ఊపుతూ మగ్గిస్తారు. అందులో పార్స్‌లీ వేస్తారు, మీరు కొత్తిమీర వేసుకోవచ్చు, మిక్స్ అర చెంచా చాలు, ఎక్కువైతే బెండకాయ రుచి పోతుంది.

మిక్స్ బాగా పట్టేది ఆలుగడ్డకి. కిలో ఆలుగడ్డలు పొడుగ్గా పెద్ద ముక్కలు కోసి, రెండు నిమ్మకాయల రసం, 5 చెంచాల ఆలివ్ ఆయిల్, 3 టీస్పూన్ల మిక్స్, ఉప్పు, కప్పు నీళ్ళు పోసి ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంటసేపు పెట్టండి, మధ్యలో ఒకసారి తిప్పండి. ముందు ఆ పులుపు నీళ్ళల్లో ఉడికి, నీళ్ళు ఇగిరాక అంచులు ఎర్రగా వేగుతాయి. ఓవెన్ లేకపోతే అడుగు మందం గిన్నెలో మూత పెట్టి ఉడికించి, చివర మూత తీసి వేయించుకోవచ్చు.

సలాడ్‌కి టమాటా, కీరా, ఉల్లిపాయ పెద్దగా కోసి, పైన నూనె, మిక్స్. ఫెటా చీజ్ కొనేముందు ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూసుకోండి, సంప్రదాయంగా దాన్ని గొర్రెపిల్ల, మేకపిల్లల కడుపు నుంచి తీసే రెనెట్‌తో (పాలని విరిచే పదార్థం) చేస్తారు. పనీర్ ముక్కల్ని నిమ్మరసం, ఉప్పు, మిక్స్‌లో గంట నానబెట్టి వేసినా బాగుంటుంది.

ప్రశ్న: ఇంట్లోనే కలుపుకోవాలంటే కొలతలు చెప్పండి. వాము ఆకు, వాము వేస్తే ఒరెగానో వాసనే వస్తుందంటున్నారు, నిజమేనా? ఒకేసారి వెల్లుల్లి, నూనె కూడా కలిపి సీసాలో పెట్టేసుకోవచ్చా?
— గుంటూరు నుంచి

జవాబు: ఎండిన ఒరెగానో 4 చెంచాలు, థైమ్ ఒకటి, ఎండిన పుదీనా ఒకటి, వెల్లుల్లి పొడి ఒకటి, ఉల్లి పొడి అర చెంచా, బరకగా దంచిన మిరియాలు అర చెంచా, నీడలో ఆరబెట్టిన నిమ్మతొక్క తురుము అర చెంచా, దాల్చినచెక్క పొడి చిటికెడు. అన్నీ ఒకే చెంచాతో కొలవండి. మిక్సీలో తిప్పకండి, చేత్తో కలపండి చాలు. ఉప్పు వేయకండి, ఏ వంటకి ఎంత కావాలో అప్పుడే వేసుకోవచ్చు, ఉప్పు తేమ పీల్చి గడ్డకట్టే బాధా ఉండదు, మన కోస్తా ఉక్కపోతలో అది పెద్ద విషయమే. గాజు సీసాలో, స్టవ్‌కి దూరంగా, వెలుతురు తగలని చోట పెడితే ఆరు నెలలు బాగుంటుంది.

వాము మాట నిజమే కొంతవరకు. వాములో ఉండే థైమాల్ అనే వాసన పదార్థం థైమ్ ఆకులో కూడా ఉంటుంది, వాము ఆకులో కార్వక్రాల్ ఉంటుంది, అందుకే ముక్కుకి దగ్గరి చుట్టాల్లా అనిపిస్తాయి. థైమ్ దొరకనప్పుడు పావు చెంచా వాము నలిపి వేయండి, అంతకంటే వేస్తే మురుకుల వాసనొస్తుంది. వాము ఆకు దళసరిగా నీరుగా ఉంటుంది, ఎండబెడితే ఏమీ మిగలదు, దాన్ని తాజాగా సన్నగా తరిగి పెరుగులో కలుపుకోండి. బిర్యానీ ఆకు మాత్రం యూరప్ బే లీఫ్‌కి బదులుగా వేయకండి, మనది దాల్చినచెక్క జాతి, రుచి పూర్తిగా వేరు.

పచ్చి వెల్లుల్లి నూనెలో వేసి బయట నిలవ పెట్టడం మాత్రం వద్దే వద్దు. గాలి తగలని ఆ నూనెలో బోటులిజం అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా పెరగొచ్చు, అది ప్రాణాంతకం, వాసన కూడా మారదు కాబట్టి చూసి కనిపెట్టలేరు. మన ఆవకాయలో ఉండేంత ఉప్పు, కారం, పులుపు ఇందులో ఉండవు, దాన్ని చూసి దీన్ని పోల్చుకోకండి. పొడి పొడిగానే ఉంచి, కావాల్సినప్పుడు కావాల్సినంతే నూనెలో కలుపుకోండి. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లోపు వాడేయండి, ఆ తర్వాత పారబోయండి.